నత్తలకు తీర్థమిచ్చిన పిషీమా

బాగ్‌బజారులో ఒక నత్త వైష్ణవం పుచ్చుకుంది. మెడలో తులసిపూసలు, వీపున గంధం బొట్టు, ఏకాదశినాడు కటిక ఉపవాసం. ఇది ఒట్టేసి చెప్పే మాట.

సరే, పూసల సంగతి వెనక్కి తీసుకుందాం. నత్తకు మెడ ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో చెప్పగల మొనగాడు ఇంకా పుట్టలేదు కనుక పూసలు కట్టడం కుదిరే పని కాదు. ఏకాదశి ముక్క కూడా కొంచెం పెంచి చెప్పిందే. ఆ రోజు అది మామూలుకన్నా తక్కువ తిన్నట్టు కనపడింది, అంతే. కానీ వీపు మీది గంధం బొట్టు మాత్రం నిజం. బొరాల్ వారి కోడలు టగర్ దాన్ని కళ్ళారా చూసింది. ఆ బొట్టు పెట్టిన చెయ్యి ఎవరిదో కూడా ఆమెకు తెలుసు.

ఆ చేతి మనిషి పేరు క్షణప్రభ. అంటే మెరుపు. పేరు పెట్టిన పెద్దాయన ఆమె నడక చూడలేదు పాపం. పూజగది నుంచి వరండా దాకా రావడానికి ఆమెకు పట్టే సేపట్లో ట్రాము శ్యాంబజారు చుట్టి వచ్చేస్తుంది. పేరు పెట్టి పిలిచేవాళ్ళందరూ ఎప్పుడో పోయారు. ఇప్పుడు ఇంటికీ వీధికీ ఆమె పిషీమాయే, అంటే మేనత్త. పెళ్ళయిన రెండో చలికాలానికే బొట్టు చెరుపుకుని పుట్టింటికి తిరిగొచ్చింది. గుమ్మంలో నిలబడ్డ కూతురి చేతిలో వాళ్ళ నాన్న ఒక ఇత్తడి బాలగోపాలుణ్ణి, రాగి పూజసామానునూ పెట్టి, "ఇదుగో అమ్మా, ఇక నీ సంసారం" అన్నాడట. ఆ సంసారాన్ని ఆమె ఈనాటి దాకా ఒక్క పూట ఎండనివ్వలేదు. గోపాలుణ్ణి లేపడం, స్నానం చేయించడం, మజ్జిగ పట్టడం, మధ్యాహ్నం విసనకర్రతో విసరడం. రాగి చెంబునూ గిన్నెనూ రోజూ పొద్దున్నే చింతపండుతో తోమి తోమి అద్దం చేయడం. ఆ తోముడు చప్పుడే ఆ ఇంటికి కోడికూత.

మధ్యలో అన్నగారి భార్య కన్నుమూస్తే పాలుతాగే పిల్లాణ్ణి కూడా ఒళ్ళో వేసుకుంది. ఆ పిల్లాడికి ఇప్పుడు మీసాలు నెరిశాయి, బ్యాంకులో పెద్ద కుర్చీ ఉంది. పిషీమాకు మాత్రం వాడు ఖోకాయే, బుజ్జిబాబే. అతని పెళ్ళామే టగర్.

పంపకాలయ్యాక వాళ్ళకు మిగిలింది పై అంతస్తులో రెండు గదులు, ఒక పూజగది, దాని ముందు దక్షిణపు వరండా. చేప వాసన ఆ అంతస్తు మెట్టెక్కడానికి వీల్లేదు. ఖోకా చేప తినాలంటే ఆఫీసు దగ్గర హోటల్లో తిని, యాలకులు నమిలి ఇంటికి రావాలి. అలాంటి ఇంటికి గాలిఫ్ వీధి ఆదివారపు సంతలో రంగుచేపలూ నీటిమొక్కలూ అమ్మే సుధన్య హాల్దార్ కూతురు కోడలై వచ్చింది. పిషీమా ఆమెను ఏమీ అనలేదు. కానీ ఆమె తెచ్చిన మంచినీళ్ళు ఎప్పుడూ ముట్టలేదు. "ఇప్పుడే తాగానే బౌమా" అనేది. కోడలితో మాట్లాడేటప్పుడు ఎంత తీపిగా 'బౌమా', అంటే 'కోడలమ్మా' అని పిలిచినా, ఆ గ్లాసు మాత్రం నిండుగానే వెనక్కి పోయేది.

తండ్రి సుధన్య చనిపోయిన నెలలోనే టగర్ పుట్టింటి నుంచి ఒక చిన్న గాజు తొట్టి తెచ్చుకుంది. రెండు చేతులతో ఎత్తి పట్టుకునేంతది. పోయేముందు మంచం మీద కూర్చుని ఆయన తన చేత్తో నాటిన మొక్కలు అందులో ఉన్నాయి. రిబ్బను లాంటి ఆకులది ఒకటి, రాగిరంగు అంచుల పొట్టిది ఒకటి, గడ్డిలా పరుచుకునేది ఒకటి. ఆయన వేళ్ళు ఒత్తిన గుంటలు ఆ మట్టిలో ఇంకా ఉన్నాయని టగర్ నమ్మకం.

"ఏమిటది బౌమా?"

"నాన్న తొట్టి, పిషీమా. ఒట్టి మొక్కలే."

"మీ నాన్న చేపలమ్మేవాడు కదే."

"మొక్కలూ అమ్మేవాడండీ."

"చేపలతో కలిసి కాపురం చేసిన మొక్క! ఉల్లిపాయల బస్తాలో పడ్డ పటికబెల్లం తెచ్చి గోపాలుడికి పెడతావా?"

ఖోకా కల్పించుకున్నాడు. "పిషీ, చేపలే లేకపోతే అది చేపల తొట్టి ఎలా అవుతుంది?"

"నువ్వు మాట్లాడకు ఖోకా. నీ నోట్లోంచి యాలకుల వాసనొస్తోంది. ఆ యాలకుల వెనకాల ఎవరున్నారో గోపాలుడికి తెలుసు."

చివరకు పిషీమా తీర్పు చెప్పింది. తండ్రి గుర్తు అంటున్నావు కాబట్టి ఉండనీ. వరండాలో ఆ మూల తప్ప ఇంకెక్కడా వద్దు. చేప పిల్ల కాదు గదా, చేప నీడ పడినా తొట్టి గంగపాలు.

అలా బాగ్‌బజారులో మొట్టమొదటి శాకాహారపు అక్వేరియం వెలిసింది. చూడవచ్చిన వాళ్ళు వంగి వంగి వెతికి, "చేపలేవీ?" అనేవాళ్ళు. "మేం మానేశాం" అనేవాడు ఖోకా.

కానీ దక్షిణపు ఎండ ఊరుకుంటుందా? చైత్రం దాటేసరికి గాజు మీద పచ్చటి చుక్కలు లేచాయి. వైశాఖానికి రాళ్ళకు గడ్డాలొచ్చాయి. జ్యేష్ఠానికి ఆకుల మీద పీచు అల్లుకుని సుధన్య మొక్కలు ఊపిరాడక పసుపుబారాయి. టగర్ పాత పళ్ళబ్రష్షు పెట్టి తోమేది. ఇవాళ తోమితే ఎల్లుండికి మళ్ళీ అంతే. తొట్టి జరపడానికి లేదు. పాచిని మేసే చేపను వేయడానికి లేదు.

ఆషాఢంలో ఒకరోజు పిషీమా వరండా దూలం వైపు చూపించింది. శ్రావణంలో ఝులన్, ఉయ్యాల పండగ, వస్తుంది. గోపాలుడి ఉయ్యాల కట్టేది ఆ దూలానికే. అన్ని వాటాల వాళ్ళూ చూడ్డానికి వస్తారు. "ఆ బురదగుంట పక్కన నా బిడ్డను ఊపను బౌమా. ఝులన్ నాటికి అది తేటపడితే సరే. లేకపోతే కదిలేది అదే. గోపాలుడు కదలడు."

ఆ తొట్టికి ఆ ఇంట్లో ఇంకో చోటు లేదు. కదిలిందంటే వీధిలోకే. ఆ మాట ఇద్దరికీ తెలుసు.

ఆదివారం పొద్దున్నే టగర్ గాలిఫ్ వీధికి వెళ్ళింది. నాన్న కూర్చునే జాగా పక్కనే కాసెమ్ చాచా ఇంకా తన తొట్లు పరుచుకుని ఉన్నాడు. కథంతా విని కడుపుబ్బ నవ్వాడు.

"చేప వద్దు, రొయ్య వద్దు. మరి మీ అత్తారింట్లో పాచిని కీర్తనలు పాడి సాగనంపుతారా అమ్మా?"

"నవ్వకు చాచా. నాన్న మొక్కలు పోతాయి."

ముసలాయన నవ్వు ఆపి, మూలనున్న తొట్టిలోంచి గుప్పెడు నత్తలు తీశాడు. కాన్నింగ్ అవతల ఉప్పుకాలవల్లో దొరికేవి, బఠాణీ గింజకన్నా కాస్త పెద్దవి, ఒంటి నిండా నల్ల చారలు. "మంచినీళ్ళలోనూ బతుకుతాయి. ఆకు కొరకవు. పొద్దస్తమానం పాచి గీకుతూనే ఉంటాయి. రెండు సంగతులు మాత్రం మరిచిపోకు. వెల్లకిలా పడితే పాపం తమంతట తాము లేవలేవు, నువ్వే తిప్పాలి. రాగి తగిలితే బతకవు. మీ నాన్న రాగి ఉంగరమున్న వాణ్ణి నత్తల తొట్టిలో వేలు పెట్టనిచ్చేవాడా?"

"తొట్టిలో రాగి ఎవరేస్తారు చాచా!" అని టగర్ నవ్వేసింది.

దొంగతనంగా తీసుకెళ్ళడం ఆమెకు చేతకాదు. నత్తల డబ్బా తిన్నగా పిషీమా ముందే పెట్టింది. పిషీమా జపమాల సంచిలో చెయ్యి ఆగిపోయింది.

"గుగ్లీలు! కూరొండుకు తినే గుగ్లీలు నా గోపాలుడి గుమ్మంలోనా! కాలిన మొహమా, నీకు మతి పోయిందా?"

"గుగ్లీలు కావండీ. వీటినెవరూ తినరు. ఇవి ఒట్టి పాచి తిని బతుకుతాయి."

"చేప ముక్క పెడితే?"

"మొహం తిప్పుకుంటాయి."

"ఉల్లి? వెల్లుల్లి?"

"ముట్టవు."

పిషీమా కళ్ళు చిన్నవి చేసి అసలు ప్రశ్న వేసింది. "మసూర్ పప్పు?"

ఆ ఇంటి ధర్మంలో ఎర్రపప్పు కూడా మాంసంతో సమానం. టగర్ గట్టిగా తల ఊపింది. "దాని పేరే తెలీదండీ వీటికి."

"ఇల్లూ వాకిలీ?"

"వీపు మీదేనండీ."

పిషీమా చాలాసేపు డబ్బాలోకి చూసింది. ఒక నత్త కొమ్ములు రెండూ చాచి ఆమె వైపే చూసిందని ఖోకా చెబుతాడు. అతని మాటకేం గానీ, ఆమె గొంతు మాత్రం కాస్త దిగింది. "ఆకూ అలమూ తిని, ఉన్న ఆస్తి వీపున వేసుకుని, ఎవరి జోలికీ పోకుండా తిరిగేవాణ్ణి మా నాన్న కాలంలో బైరాగి అనేవాళ్ళం. గుమ్మంలో కూర్చోబెట్టి కడుపు నింపి పంపేవాళ్ళం. ఈ ఇంట్లో ఖోకాకన్నా వీటికే నిష్ఠ ఎక్కువ. ఉండనీ."

బైరాగులు పనిలోకి దిగారు. గాజు మీద నత్త పోయినమేరా తేటగా దారి పడేది, పిల్లలు ఊపిరూదిన అద్దం మీద వేలు గీసినట్టు. పిషీమా మోడాపీట తెచ్చుకుని తొట్టి ముందు కూర్చుని జపం చేసుకునేది. ముందు గోపాలుడి వైపు మొహం, తొట్టి వైపు వీపు. తర్వాత పక్కకు. ఆ తర్వాత మొహమే తొట్టి వైపు తిరిగింది.

"చూడవే, మూల కూడా వదలడం లేదు. మన పనిమనిషీ ఉంది, ఎందుకు?"

ఒకరోజు కేక పెట్టింది. "బౌమా! గాజు మీద ఈ తెల్లచుక్కలేమిటే?"

టగర్ చేతిలో పని వదిలి పరిగెత్తుకొచ్చింది. అబద్ధమాడదామా అనుకుంది, నోరు రాలేదు. "గుడ్లండీ."

"గుడ్లా!" ఆ కేకకు కిందివాటా పావురాలు లేచిపోయాయి. "నా అంతస్తులో గుడ్లా!"

"పొదగవండీ. వాటికి సముద్రపు నీళ్ళు కావాలి. ఈ నీళ్ళలో ఊరికే అలా ఉండిపోతాయి, అంతే."

పిషీమా తెల్లచుక్కల వంక చూస్తూ కొంగుతో మోడా తుడిచింది, దుమ్మేమీ లేకపోయినా. "అయితే గుడ్లు కావు," అంది. "గంధపు చుక్కలు. గోపాలుడి నుదుటన పెడతామే, అలాంటివి. ఇంకెప్పుడూ దాన్ని ఆ పేరుతో పిలవకు."

గాజు సగానికి పైగా తేటపడింది. ఆకుల మీద పీచు పలచబడింది. రిబ్బను మొక్క కొత్త చిగురు వేసింది. టగర్ మనసులో కాసెమ్ చాచాకు రోజూ దణ్ణం పెట్టుకునేది.

అప్పుడు నత్తలు పడిపోవడం మొదలయింది.

ముందు ఒకటి, తర్వాత ఇంకొకటి. గాజు పట్టు వదిలి ఇసుక మీద వెల్లకిలా పడేవి. తిప్పితే కాసేపు కదిలి, మళ్ళీ మూత బిగించుకునేవి. రెండు తిప్పినా లేవలేదు. మిగిలినవి పాచి గీకడం మానేసి నీళ్ళు దాటి పైకి పాకి అంచున అంటుకున్నాయి. గాజు మీద మళ్ళీ ఆకుపచ్చ పొర. శ్రావణం వచ్చేసింది. దూలానికి ఉయ్యాల కొక్కేలు తోమి తగిలించారు.

ఒక ఉదయం టగర్ వంగి చూస్తే, నీళ్ళకు పైన అంచున కూర్చున్న నత్త వీపున తెల్లటి చుక్క. నత్తను తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. గంధం. రిబ్బను ఆకుల్లో చిక్కుకుని ఒక తులసిదళం తేలుతోంది.

టగర్ గడప పట్టుకుని కూర్చుండిపోయింది. గంధం, తులసి ఉన్నచోట తీర్థం ఉంటుంది. గోపాలుడి స్నానపు తీర్థం రాత్రంతా నిలవుండేది, చింతపండుతో తోమి అద్దం చేసిన రాగి చెంబులో. ఇంటికొచ్చిన బైరాగులకు పిషీమా రోజూ, ఎవరూ లేవకముందే, తీర్థం పోస్తోంది. తన చేతి నీళ్ళు తాగని మనిషి తన నత్తలకు దేవుడి నీళ్ళు పడుతోంది.

ఏం చెప్పాలి? 'నీ గోపాలుడి తీర్థం విషమైంది' అనా? ఆ మాట వింటే ఆ ముసలి ప్రాణం తొట్టి దగ్గరికే కాదు, పూజగదిలోకి కూడా మునుపటిలా పోలేదు. ఊరుకుంటే నత్తలు పోతాయి. ఝులన్ వస్తుంది. నాన్న తొట్టి వీధిలోకి పోతుంది. తప్పేలేని తప్పు. దాన్ని ఎటునుంచి పట్టుకున్నా చెయ్యి కాలుతుంది.

సాయంత్రం పిషీమా పూజగది తెర వెనక జపంలో ఉంది. టగర్ తెరకు ఇవతల భర్తను కూర్చోబెట్టి టీ ఇచ్చి, బావిలోకి మాట్లాడినట్టు మొదలుపెట్టింది.

"నత్తలెందుకు పోతున్నాయో తెలిసింది!"

"ఎందుకలా అరుస్తున్నావు? నేను పక్కనే ఉన్నాను కదా."

"మా నాన్న చెప్పేవాడు! నత్తలకు రాగి పడదట! రాగి గిన్నెలో నిలవున్న నీళ్ళు చుక్క తగిలినా బతకవట! మిగతా ఏ నీళ్ళయినా మంచివేనట!"

"రాగా? మనింట్లో రాగి ఎక్కడుంది, పిషీ పూజసామాను తప్ప..."

టగర్ అతని కాలి బొటనవేలు తొక్కింది. టీ ఒలికింది. తెర వెనక పూసల చప్పుడు ఆగింది.

ఆ రాత్రి పిషీమా సగ్గుబియ్యం కూడా ముట్టలేదు. టగర్ పక్క మీద పొర్లుతూ తనను తానే తిట్టుకుంది. పొద్దున్న మెలకువ వచ్చేసరికి ఎండ ముదిరిపోయింది. ఆ ఇంటి కోడి కూయలేదు. చింతపండు తోముడు వినపడలేదు.

భయంతో పూజగది గుమ్మం దాకా పరిగెత్తింది. పిషీమా ఎప్పటిలాగే కూర్చుని ఉంది. గంగనీళ్ళు మట్టికుండలో ఉన్నాయి. తీర్థం గోపాలుడి పెరుగు పోసే నల్లరాతి గిన్నెలో ఉంది. తండ్రి గుమ్మంలో చేతికిచ్చిన రాగి సామాను ఎక్కడా లేదు. మంచం కింది ట్రంకుపెట్టెకు తాళం వేసి ఉంది. గోపాలుడి నెత్తిన, శ్రావణమాసపు ఉక్కలో, ఎర్ర ఉన్ని టోపీ.

"పిషీమా... రాగి చెంబు?"

"రాగి చల్లన. నా బిడ్డకు జలుబు చేసింది." పిషీమా తలెత్తలేదు. "రాత్రంతా తుమ్ముతూనే ఉన్నాడు. నువ్వు వినలేదూ?"

టగర్‌ ఉన్ని టోపీ వంక చూసింది. "విన్నానండీ," అంది.

"వింటే అలా నిలబడతావేం? నీళ్ళు పట్టుకురా. పొద్దుటినుంచీ నోరెండిపోతోంది."

టగర్ గ్లాసు తెచ్చింది. పిషీమా అడుగుదాకా తాగి ఖాళీ గ్లాసు చేతికిచ్చింది. టగర్ వంగి కాళ్ళకు దణ్ణం పెట్టింది.

"ఇదేమిటే, పెద్దల కాళ్ళకు దణ్ణాలు పెట్టడానికి ఇవాళ విజయదశమా? లే లే. అవతల నీ బైరాగులు వెల్లకిలా పడి ఉన్నారేమో చూసుకో."

టగర్ రోజూ తొట్టిలో పాతనీళ్ళు కొంచెం కొంచెంగా తోడి, తేర్చిన కొత్తనీళ్ళు పోసింది. అంచున ఉన్నవి మెల్లగా దిగాయి. పడినవాటిని తిప్పుదామని లేచి వెళ్ళేసరికి అప్పటికే ఎవరో తిప్పి పెట్టి ఉండేవారు. రాతిగిన్నె తీర్థం బైరాగులకు ఒక్కరోజూ తప్పలేదు. మొక్కలు తేరుకున్నాయి.

ఝులన్ నాటికి గాజు ఉందా లేదా అన్నట్టు ఉంది. ఉయ్యాల తిన్నగా దాని ముందే కట్టించింది పిషీమా. వెనక సుధన్య నాటిన పచ్చదనం యమున ఒడ్డులా కదులుతుంటే, ఉన్ని టోపీ పెట్టుకున్న గోపాలుడు చెమటలు కక్కుతూ ఊగాడు. విగ్రహానికి చెమటేమిటి అంటారా? సరే, అది తడిగుడ్డతో తుడిచిన తడి. టగర్ మాత్రం ఉయ్యాల తాడు లాగుతూ గోపాలుడికి మొక్కిందో, తాడు రెండో కొస పట్టుకున్న ముసలిచేతికి మొక్కిందో ఆమెకే తెలీదు.

ఖోకాకు నోట్లో యాలకులు నిలుస్తాయి గానీ మాట నిలవదు. అతను చెప్పగా విన్న రెండోవాటా పెద్దావిడ అందరిముందూ అందుకుంది.

"ఏం వదినా, నత్తలకు తీర్థం పోస్తున్నావట! మడిచేత్తో ఎత్తి నిలబెడుతున్నావట! వాటికోసం మీ నాన్నిచ్చిన రాగి సామానే పెట్టెలో పెట్టేశావట! నిజమేనా?"

వరండాలో తలలన్నీ ఇటు తిరిగాయి. పిషీమా వేలికొసలు పాచి తగిలి ఇంకా పచ్చగా, తడిగా ఉన్నాయి. ఆమె వాటిని తీరిగ్గా కొంగులో దాచుకుంది.

"ఎవరే నీకీ కట్టుకథ చెప్పింది? నా జన్మలో నత్తను ముట్టలేదు. తీర్థమూ పోయలేదు, చెంబూ దాచలేదు, బిడ్డకు జలుబు చేసింది. అసలు ఆ తొట్టిలో నత్తలున్నాయన్న సంగతే ఇదుగో, ఇప్పుడు నువ్వు చెబితే వింటున్నాను."